ఉంగరమును, ప్రమాణమును

పూర్వము మన యిండ్లలో నిశ్చితార్థ మనగా తాంబూలములు పుచ్చుకొనుట, లగ్నపత్రిక వ్రాయించుట. నేడు దానికి వేదికయు, విందును, వధూవరులు ఉంగరములు మార్చుకొనుటయు తోడైనవి. ఇది పరదేశాచారమని కొందఱు నిరసించుచున్నారు. నాగరకతకు లక్షణమని మఱికొందఱు శిరసావహించుచున్నారు. ఈ రెండు వాదములును అసలు ప్రశ్నను తాకుట లేదని మా యభిప్రాయము. ఉంగరము దేనికి గుర్తు? ఆ గుర్తు ఎవరిపై నెంత భారము మోపుచున్నది? ఇదియే విచారింపదగిన విషయము.

పాశ్చాత్యదేశములందును ఈ గుర్తు బంగారముతో పుట్టలేదు. తన కాలమునందు వధువునకు పంపు నిశ్చితార్థపుటుంగరము ఇనుపదే యనియు, అందు రత్నము పొదుగరనియు మొదటి శతాబ్దపు రోమక పండితుడు ప్లినీ వ్రాసియున్నాడు. నాల్గవ వ్రేలినుండి హృదయమునకు నొక సన్నని నరము పోవునని ప్రాచీనులు నమ్మిరి. శరీరశాస్త్రము ఆ నమ్మకమును త్రోసిపుచ్చినను వ్రేలు మాఱలేదు. ఆంగ్లేయులు ఎడమచేతికిని, జర్మనులు కుడిచేతికిని ఉంగరమును ధరింతురు. క్వేకరు సంఘమువారు ఉంగరముతో పని లేకయే దైవసాక్షిగా మాట యిచ్చుకొని దంపతులైరి. 1813లో నెపోలియనుతో పోరాడిన ప్రష్యాదేశమున స్త్రీలు బంగారపుటుంగరములను దేశమునకు సమర్పించి యినుపయుంగరములను తొడిగికొనిరి. లోహము మాఱినంత మాత్రమున వారి దాంపత్యమునకు కొఱత కలుగలేదు. వజ్రము లేనిదే నిశ్చితార్థము పూర్తి కాదను నేటి భావమో, ఋషిప్రోక్తము గాదు, వర్తకప్రోక్తము. డీ బీర్సు అను వజ్రవ్యాపారసంస్థ 1938లో నొక ప్రకటనసంస్థను నియోగించి అమెరికాలో ఈ భావమునకు ప్రచారము చేయించెను. వజ్రము శాశ్వతమను వాక్యము 1947లో ఆ ప్రకటనలకొఱకు పుట్టినదే.

ఇక మన సంప్రదాయమును పరికింతము. వైదికకర్మలో అనామికకు తొడుగు పవిత్రము దర్భతో ముడివేసినది. మనకున్న ఉంగరములలో నింతకంటె పూజ్యమైనది లేదు. దానికి బజారులో వెల యును లేదు. పుట్టినింటివారొకటి, మెట్టినింటివారొకటి తెచ్చిన రెండు బొట్లు పసుపుత్రాట కూర్చి కట్టుట మన తెలుగు పద్ధతి. బంగారము దొరకని పేదయింట పసుపుకొమ్మునే కట్టుదురు. ఆ పెండ్లి పెండ్లి కాదని యనువారు లేరు. కాలికి తొడుగు మెట్టెలు వెండివి. బిందెలో నీరు పోసి ఉంగరము వేసి వధూవరులచేత తీయించు వేడుకలో, ఎవరికి దొరకినదని నవ్వుకొందురే గాని, దాని తూకమెంతని యడుగరు. మన పెద్దలు గుర్తును తేలికగా నుంచి మాటను బరువుగా నుంచిరి.

ఈ సత్యమును శకుంతలోపాఖ్యానము చక్కగా బోధించును. కాళిదాసు నాటకమున ముద్రిక నీటిలో జాఱిపోగా రాజు భార్యను మఱచెను. చేపకడుపున నది దొరకిన పిదపగాని ఆమె జ్ఞప్తికి రాలేదు. దూర్వాసుని శాపమను హేతువు చెప్పినను, అచ్చట నొక సాధ్వి గౌరవమంతయు నొక లోహఖండముపై నిలిచినది. భారతకథలో ఉంగరమే లేదు. నన్నయ శకుంతల నిండుసభలో నిలిచి, గుర్తు చూపక, సత్యమును చూపి వాదించినది. ఆకాశవాణి యామె మాటకు సాక్ష్యము పలికినది. ఆంధ్రసాహిత్యమునకు ఆదియందే నిలిచిన యీ స్త్రీమూర్తి మన కాదర్శము గావలదా?

గుర్తు మాటను మించినచో రెండు కీడులు కలుగును. మొదటిది ఋణము. ఇరుగుపొరుగువారు మెచ్చవలెనని ఎకరము తాకట్టు పెట్టి ఉంగరము, హారము కొనువారిని మన గ్రామములం దెల్లరును ఎఱుగుదురు. 1961లో వరకట్ననిషేధచట్టము వచ్చినది. కట్నమను పేరు నోట పలుకక ఉంగరమను పేర, కానుకయను పేర నడుగు నేర్పును మనము సంపాదించితిమి. పెండ్లి యొకనాటిది, వడ్డీ యేండ్ల తరబడిది.

రెండవది యింకను క్రూరమైనది. వివాహచిహ్నములను స్త్రీయే మోయవలెనన్నాము. భర్త గతించినచో పదిమందిలో వానిని ఒలిచివేయుటయు ధర్మమన్నాము. దుఃఖములోనున్న తల్లి మెడనుండి సూత్రమును, కాలినుండి మెట్టెలను తీయు చేతికి ఏ ప్రమాణము ఆధారము? కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపించిరి. అటుపిమ్మట నూటనలుబదియేండ్లు దాటినను ఈ తంతు అనేక గ్రామములలో నడచుచునే యున్నది. మహారాష్ట్రమున కొల్హాపురము జిల్లా హెర్వాడు గ్రామసభ 2022 మే 4న ఇట్టి యాచారములను నిషేధించుచు తీర్మానించెను; ఆ మార్గము ననుసరింపుడని రాష్ట్రప్రభుత్వము తక్కిన గ్రామములకు సూచించెను. ఒక పల్లెకు సాధ్యమైనది మన పంచాయతీలకు అసాధ్యమా?

శాస్త్రము చెడునని వెఱచువారికి చట్టమును జ్ఞాపకము చేయుచున్నాము. 1955 హిందూ వివాహచట్టము, సప్తపది యాచారముగా గలచోట ఏడవ యడుగుతో వివాహము సంపూర్ణమగునని చెప్పుచున్నది. బంగారముమాట యందు లేదు. 1967లో తమిళనాడు చేసిన సవరణ ప్రకారము, బంధుమిత్రుల సమక్షమున ఒకరినొకరు భార్యాభర్తలుగా స్వీకరించుచున్నామని పలికి, పూలమాలలు మార్చుకొన్నను, ఉంగరములు తొడిగికొన్నను, తాళి కట్టినను వివాహము చెల్లును. అచ్చట మూడు గుర్తులును సమానములే.

కావున ఉంగరము వలదని మేమనము. మార్చుకొనుడు, కాని యిద్దఱును మార్చుకొనుడు, ఇద్దఱును ధరింపుడు, ఇద్దఱివియు నొకే తూకముగా నుండనిండు. అప్పు చేసి కొనకుడు. వరునివారు కోరి పుచ్చుకొనకుడు. ఒకసారి యిచ్చిన గుర్తును, ఇచ్చినవాడు లేడను కారణముచేత మరల లాగికొనకుడు. ఉంచుకొనుటయు, తీసివేయుటయు ఆమె యిష్టము. 1921లో గాంధీ మహాత్ముని పిలుపునకు తిలక్ స్వరాజ్యనిధికి ఒంటిమీది నగలను తీసియిచ్చిన తల్లులు ఆంధ్రదేశమున నుండిరి. బోసిచేతులతో ఇంటికి మరలినను వారి గౌరవము పెరిగినదే గాని తరుగలేదు. వారి మనుమరాండ్ర పెండ్లిండ్లలో నైనను ఉంగరముకంటె మాటకు పెద్దపీట వేయుదురు గాక!