ఫోన్ లాక్ గట్టిదే.. మరి కోర్టులో?

కొత్త ఫోన్ కొనేటప్పుడు ఏం చూస్తాం? ఫింగర్‌ప్రింట్ సెన్సార్ ఎంత ఫాస్ట్, సెక్యూరిటీ అప్‌డేట్స్ ఎన్నేళ్లు వస్తాయి.. ఇవే కదా. మేమూ రివ్యూల్లో వాటికే మార్కులేస్తాం. కానీ పోలీసులు రూల్స్ పాటించకుండా మీ ఫోన్ తెరిచి చూస్తే, అందులో దొరికింది కోర్టులో చెల్లుతుందా? మన దేశంలో చాలావరకు చెల్లుతుంది!

2021 అక్టోబర్ గుర్తుందా? హైదరాబాద్‌లో పోలీసులు బైకులు ఆపి, వాట్సాప్‌లో గంజాయి మాటలు వెతుకుతున్న వీడియోలు వైరల్ అయ్యాయి. ‘అలా చూడొచ్చా?’ అని అందరూ అడిగారు. దాని తర్వాతి ప్రశ్నే ముఖ్యం. చూడకూడదు, కానీ చూసేశారు. ఇప్పుడేంటి?

అమెరికాలో 1961 నాటి మాప్ కేసు తర్వాత, అక్రమ సోదాలో దొరికిన సాక్ష్యాన్ని రాష్ట్రాల కోర్టులు కూడా పక్కన పెట్టాల్సి వచ్చింది. కొన్ని మినహాయింపులున్నాయి. అరెస్టైన మనిషి ఫోన్ వెతకాలన్నా మామూలుగా వారంట్ కావాల్సిందేనని 2014లో రైలీ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది.

మన సుప్రీంకోర్టు దారి వేరు. ఇన్‌కమ్ ట్యాక్స్ సోదాల మీద వచ్చిన పూరన్ మల్ కేసులో, 1973 డిసెంబర్‌లో, సోదా చట్టవిరుద్ధమైనా సాక్ష్యం కేసుకు సంబంధించినదైతే తీసుకోవచ్చని చెప్పింది. అందుకు 1954 నాటి ఎం.పి. శర్మ తీర్పును ఆసరాగా తీసుకుంది. సోదాల విషయంలో అమెరికా తరహా ప్రైవసీ రక్షణ మన రాజ్యాంగంలో లేదని ఆ తీర్పు సారాంశం. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది జడ్జీలు ప్రైవసీ ప్రాథమిక హక్కేనని చెప్పి, ఆ పాత మాటను కొట్టేశారు. పునాది పోయింది, పైనున్న రూల్ మాత్రం అలాగే ఉంది.

2019లో బాంబే హైకోర్టు ఒక లంచం కేసులో అక్రమంగా ట్యాప్ చేసిన కాల్స్ రికార్డింగులను నాశనం చేయమంది. కానీ అన్ని కోర్టులూ ఆ దారిలో నడవడం లేదు.

‘అయితే నేరస్తులు తప్పించుకోరా?’ అంటారు. న్యాయమైన భయమే. చిన్న పొరపాటుకే కేసు కొట్టేయమని మేమూ అనం. హక్కును కావాలని తొక్కేస్తే మాత్రం ఆ సాక్ష్యం పనికిరాకూడదు. ఎలా తెచ్చినా చెల్లుతుందంటే, వారంట్ కోసం తిరిగే ఓపిక ఏ ఆఫీసర్‌కి ఉంటుంది?

ఆండ్రాయిడ్‌లో లాక్‌డౌన్ ఆప్షన్ నొక్కితే ఫింగర్‌ప్రింట్ ఆగిపోయి పిన్ అడుగుతుంది. మంచి ఫీచరే, వాడండి. కానీ అది ఫోన్ వరకే. పూరన్ మల్ రూల్‌ని మళ్లీ చూడాల్సింది సుప్రీంకోర్టే.