సభలు ఆపండి, సంఘాలు కట్టండి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల కాపరులకు, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజాలకు, యౌవనులకు వందనాలు.

మళ్ళీ ఒక డిసెంబరు గడిచింది. నవంబరు చివరి వారం నుంచే సెమీ క్రిస్మస్‌లు మొదలయ్యాయి. ఊరికొకటి, మండలానికొకటి, నియోజకవర్గానికొకటి, పిలుపు అందని పాస్టర్లు అలిగి వేరుగా పెట్టుకున్నది ఇంకొకటి. రాష్ట్రం వచ్చిన దగ్గర్నుంచి సర్కారు పెడుతున్న విందు సరేసరి. కేకు ఎవరు కోయాలి, శాలువా ఎవరికి ముందు కప్పాలి, ఎమ్మెల్యే పక్క కుర్చీ ఎవరిది అన్న పంచాయితీలోనే పండుగ ముగిసింది. ఫ్లెక్సీ మీద ప్రసంగీకుడి ఫోటో నిలువెత్తున ఉంటే ప్రభువు పేరు ఓ మూలకు చేరింది. జనవరి వచ్చేసరికి టెంటువాడు టెంటు విప్పుకుపోయాడు, సౌండువాడు బాక్సులు ఎత్తుకుపోయాడు, అప్పు మాత్రం సంఘానికి మిగిలింది. ఇక వేసవి ఉజ్జీవ సభలకు ఇప్పుడే చందా పుస్తకాలు అచ్చవుతున్నాయి. అవి మీ గడప తొక్కకముందే ఈ కరపత్రం మీ చేతికి రావాలని రాస్తున్నాం. మా కోరిక ఒక్కటే: ఈ మూడు జిల్లాల్లో ఒక ఏడాదిపాటు బహిరంగ సభలు పూర్తిగా ఆపాలి. ఆ డబ్బు, ఆ మనుషులు, ఆ సాయంత్రాలు వాక్యబోధకు పెట్టాలి.

విత్తువాని ఉపమానం మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. రాతి నేల మీద పడ్డ గింజ అన్నిటికంటే ముందు మొలుస్తుంది, అన్నిటికంటే ముందు ఎండుతుంది. చెలకల్లో సేద్యం చేసేవాళ్ళకు అది కథ కాదు, ఏటేటా కళ్ళారా చూసే నష్టం. మొలక తొందరగా వచ్చిందని పంట పండినట్టు చాటింపు వేసుకునే రైతు ఎక్కడా ఉండడు. సభలో ఎన్ని చేతులు లేచాయో లెక్కపెట్టి చాటింపు వేసుకునే సువార్తికులు మాత్రం మన దగ్గర ఉన్నారు. ఆ చేతులు ఎవరివి, మరుసటి ఆదివారం ఏ సంఘంలో కూర్చున్నాయి, ఏడాది తర్వాత ఆ ఇంట్లో తాగుడు తగ్గిందా, అప్పు తగ్గిందా, భార్య మీద చెయ్యి లేవడం ఆగిందా అన్నది అడిగేవాడు లేడు. ఫలం అంటే ఇదే. మిగతాదంతా ఆకులు.

వేరు ఎలా దిగుతుందో నేర్చుకోవడానికి దూర దేశాలు తిరగనక్కర్లేదు. డోర్నకల్ మన మహబూబాబాద్ జిల్లాలోనే ఉంది. తిన్నెవెల్లి విశ్వాసులు 1903లో సొంత డబ్బుతో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకుని, తమకు తెలియని భాష మాట్లాడే ఈ నేలకు మనుషుల్ని పంపారు. వి.ఎస్. అజరయ్య 1909లో ఇక్కడికి వచ్చి తెలుగు నేర్చుకుని పనిలో దిగారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పు అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి ఎక్కిన మొదటి భారతీయుడు ఆయనే. డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్ ప్రతిష్ఠ జరిగింది మాత్రం 1939 జనవరి 6న. అంటే 26 ఏళ్ళకు పైగా ఆ మేత్రాసనానికి ప్రతిష్ఠ జరిగిన కెథడ్రల్ లేదు, గ్రామోపాధ్యాయులు ఉన్నారు. 1930ల నడిమికి వాళ్ళ సంఖ్య సుమారు 2,000. ముందు గురువు, తర్వాత గోపురం. మనమిప్పుడు ముందు ఫ్లెక్సీ, తర్వాత కూడా ఫ్లెక్సీ.

ఆ ఉపాధ్యాయులు చేసిందేమిటి? అక్షరం ముక్క రాని మాల, మాదిగ పల్లెల్లో ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు, క్రీస్తు జీవితం నోటికి వచ్చేదాకా చెప్పించారు, ఆ తర్వాతే బాప్తిస్మం. ఉపాధ్యాయుడితోపాటు అతని భార్యకూ తర్ఫీదు ఇచ్చారు, ఆడవాళ్ళకు బోధ అందాలి గనక. ఎసరు పెట్టేటప్పుడు పిడికెడు బియ్యం దేవుని పేర పక్కన పెట్టడం అలవాటు చేశారు. బీదవాళ్ళకు ఇవ్వడం నేర్పితే వాళ్ళు సంఘాన్ని నిలబెట్టగలరని అజరయ్య నమ్మారు, నిలబెట్టించి చూపించారు. ఆ పల్లెల్లో మారిన బతుకుల్ని చూసే శూద్ర కులాల కుటుంబాలు కూడా క్రీస్తు వైపు తిరిగాయి. ఏ వేదికా, ఏ మైకూ ఆ సాక్ష్యం చెప్పలేదు. వెట్టి చేసే మనిషి తలెత్తుకు తిరగడమే చెప్పింది. సామూహికంగా క్రైస్తవంలోకి వచ్చిన జనాల మీద జె. వాస్కం పికెట్ చేసిన అధ్యయనం 1933లో అచ్చయింది. వాళ్ళు ఏ ఉద్దేశంతో వచ్చారన్నదానికంటే, బాప్తిస్మం తర్వాత ఎంత బోధ, ఎంత కాపుదల దొరికిందన్నదే వాళ్ళ విశ్వాసాన్ని నిలబెట్టిందని అది తేల్చింది. ఈ సంగతి తెలిసి తొంభై ఏళ్ళు దాటినా మన పని తీరు తిరగబడే ఉంది. బాప్తిస్మం దాకా పరుగు, ఆ తర్వాత ఎవరి దారి వారిది.

ఇక డబ్బు సంగతి. మర్యాద కోసం దీన్ని దాటవేయడం ఇన్నాళ్ళూ చేసిన తప్పు. మూడు రాత్రుల సభకు స్టేజీ, లైటింగు, ఎల్‌ఈడీ తెర, జనరేటరు, ప్రసంగీకుడి కారు, ఆయన లాడ్జి, ఆయనతో వచ్చే పాటల బృందం, యూట్యూబ్ లైవ్ తీసే కుర్రాళ్ళు, ఆఖరున కవరు. ఇదంతా ఎవరి రెక్కల కష్టం? పత్తి ఏరే కూలి, మిర్చి కోసే కూలి, డ్వాక్రా సంఘంలో తెచ్చిన లోను. అదే సంఘంలో సండే స్కూలు చెప్పే ఆడపిల్లకు సుద్దముక్కల ఖర్చు ఇవ్వడానికి కమిటీ మూడు నెలలు ఆలోచిస్తుంది. వేదిక మీద నూనె సీసాకు ఒక రేటు, చేతిరుమాలుకు ఒక రేటు, వ్యక్తిగత ప్రార్థనకు వరసలో ముందు నిలబడాలంటే ఇంకో రేటు. జబ్బుతో వచ్చిన ముసలమ్మకు బీపీ మాత్రలు మానెయ్యమని చెప్పేవాడు సేవకుడు కాడు. విత్తనం వేస్తే వందరెట్లు వస్తుందని పేదల కొంగు ముడి విప్పించేవాడు సువార్తికుడు కాడు. దేవాలయంలో ప్రభువు బల్లలు ఎవరివి పడదోశాడో మనకు తెలుసు. ఆ బల్లలకు మనమే చందాలు పోగుచేసి నీడ పరుస్తున్నాం, ఆపైన స్తోత్రం అంటున్నాం. దేవుని సొమ్ముకు లెక్క అడగకూడదని గద్దించే పెద్దలు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. యెరూషలేము పేదల కోసం కానుక పోగుచేసినప్పుడు అపొస్తలుడైన పౌలు ఒంటరిగా మోసుకుపోలేదు. సంఘాలు ఎన్నుకున్న మనిషిని వెంట పెట్టుకున్నాడు, తన మీద ఎవరూ వేలు చూపకూడదని. పౌలుకు పట్టిన ఆ జాగ్రత్త మన సభా కన్వీనర్లకు పట్టదా?

సభల వల్లే ఆత్మలు రక్షణలోకి వస్తున్నాయి, 1878 జూలై 3న ఒంగోలు మిషన్‌లో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందలేదా అని అంటారు. పొందారు. కానీ ఆ ఒక్క రోజు వెనుక జాన్ క్లౌ ఒంగోలు చేరిన 1866 నుంచి ఎర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ పెద్దలు పల్లె పల్లె నడిచిన పన్నెండేళ్ళు ఉన్నాయి. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. కరువు కాలంలో, అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని, క్లౌ నెలల తరబడి బాప్తిస్మాలే ఆపేశాడు. ఆపడం అవిశ్వాసం కాదని ఒంగోలే చెబుతోంది. బోధ ఎక్కువైతే ఆత్మ చల్లారుతుందన్న వాదనకు జవాబు అక్కర్లేదు, అపొస్తలుల కార్యాలు చదివినవాళ్ళెవరూ ఆ మాట అనరు. బయట వ్యతిరేకత పెరుగుతోంది, సభలతో మన బలం చూపించాలి అనే మాటకూ పెద్ద జవాబు అక్కర్లేదు. మైదానంలో కుర్చీల లెక్క చూసి ఎవరూ భయపడరు, వాక్యం తెలిసిన ఇల్లు మాత్రం ఎవరు బెదిరించినా కదలదు.

ఒక్క అభ్యంతరానికి మాత్రం బరువుంది: సంఘ రిజిస్టరులో పేరు పడితే ఎస్సీ హోదా పోతుందన్నది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవ దళితులకు ఎస్సీ హోదా లేకుండా చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచి మనకు మూసే ఉంచారు. ఇది అన్యాయం, దీని మీద పోరాటం ఆగకూడదు. పిల్లల చదువుకోసం సంఘ రిజిస్టరులో పేరు రాయించుకోని తండ్రిని నిందించం. అయితే రిజిస్టరులో పేరు లేనివాడికి వాక్యం నేర్పవద్దని ఏ ఉత్తర్వూ చెప్పలేదు. పైగా లంబాడీల, కోయల ఎస్టీ హోదా మతంతో ముడిపడి లేదు. మరి తండాల్లో బోధ ఎందుకు లేదు? ఇంట్లో గోర్‌బోలి మాట్లాడే తల్లికి గ్రాంథిక తెలుగులో గంటన్నర ప్రసంగం చేసి, ఆమె నిద్రపోతే ఆత్మీయత లేదంటాం. భూపాలపల్లి అడవి అంచున కోయ గూడేలకు ఏడాదికోసారి దుప్పట్లు పట్టుకెళ్ళి ఫోటో దిగి వస్తాం. సింగరేణి కాలనీలో మూడు షిఫ్టులు నడుస్తుంటే, ఆదివారం ఉదయం ఒక్క ఆరాధన పెట్టి, కార్మికుడు రాలేదని ప్రార్థనలో పేరు పెట్టి దెప్పుతాం. వేరు దిగడం లేదని నేలను తిట్టడం మాని, మనం ఏం నాటుతున్నామో చూసుకోవాలి.

కాబట్టి ఈ ఏడాది చేయాల్సింది చెబుతున్నాం. ఆరు నెలల బోధ లేకుండా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వకూడదు, ఇచ్చాక ఏడాదిపాటు ఒక పెద్ద ఆ కుటుంబానికి బాధ్యుడిగా ఉండాలి. ప్రతి సంఘంలో వారానికి ఒక సాయంత్రం, ప్రసంగం కాదు, ప్రశ్నలు అడిగి జవాబులు చెప్పించే పాఠం జరగాలి. తండాల్లో, గూడేల్లో అక్కడి మనిషే, అక్కడి మాటలో చెప్పాలి. పూర్వం ఇంటింటికీ తిరిగిన బైబిలు స్త్రీల పనిని మళ్ళీ మొదలుపెట్టాలి, దానికి జీతం ఇవ్వాలి. బల్లలన్నీ నింపేది ఆడవాళ్ళే అయినప్పుడు బోధించే హక్కు వాళ్ళకు లేదనడం సిగ్గుచేటు. నెల మొదటి ఆదివారం కానుకల లెక్క, రాబడీ ఖర్చూ, సంఘమంతటి ముందు చదవాలి. ఏ పార్టీ నాయకుడైనా ఆరాధనకు వస్తే చాప మీద కూర్చోవాలి, పుల్పిట్ ఎక్కకూడదు. సీఎస్‌ఐ అయినా, బాప్టిస్టు అయినా, స్వతంత్ర సంఘమైనా ఇందులో దేనికీ పైనుంచి అనుమతి అక్కర్లేదు.

వచ్చే కమిటీ సమావేశంలో దీన్ని చదివించండి, తీర్మానం రాయించండి, సంతకాలు పెట్టించండి. చదవనివ్వకపోతే వేసవి సభ చందా పుస్తకం మీ గడపకు వచ్చినప్పుడు ఒక్క రూపాయి కూడా రాయకండి. ఆ డబ్బు మీ వాడలో సండే స్కూలు చెప్పే పిల్ల చేతిలో పెట్టండి, అక్కడే రసీదు అడగండి.