పేడమడుగులు – త్రాగునీరు
అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు యాకిమా లోయయందలి ఒక పెద్ద పాడిక్షేత్రపు పేడనీటి మడుగులు నేలలోనికి ఊరి భూగర్భజలమును చెరచుచున్నవని ఫెడరల్ న్యాయస్థానము 2015 జనవరిలో తీర్పు చెప్పుట ముదావహము. పైరు గ్రహింపగల మేరకు ఎరువైన పేడయే, మితిమీరి చల్లినపుడును, మడుగునుండి ఇంకినపుడును, నైట్రేటుగా మారి బావులకు చేరును. రంగును, వాసనయు లేని ఆ దోషము నీటిని కాచినచో తొలగకపోగా మరింత చిక్కనగును. ఆ నీట కలిపిన పాలపొడి త్రాగిన పసికందు రక్తము ప్రాణవాయువును మోయు శక్తిని కోల్పోవు ప్రమాదము కలదు. ఒకమారు చెడిన భూగర్భజలము బాగుపడుటకు దశాబ్దములు పట్టును గనుక, తీర్పుతో తృప్తిచెందక, మడుగులకు రెండు పొరల అస్తరు వేయించుట, చుట్టుపట్ల బావులను నియమముగా పరీక్షించుట, చెడిన బావులవారికి మంచినీరందించుట తక్షణకర్తవ్యములు. ఆ వ్యయమును పాలవ్యాపారలాభము ననుభవించువారే భరింపవలెను.