సూదిమందుపై నింద

కళాశాల వార్షిక సంచికలో తెలుగు అధ్యాపకుని వ్యాసమనగానే ప్రబంధ నాయికలను గూర్చియో, క్రమశిక్షణ యొక్క ఆవశ్యకతను గూర్చియో ఉండునని విద్యార్థులు ముందే ఊహింతురు. నిరుడు మేమును అట్టిదే వ్రాసితిమి. ఈ ఏడు మా బంధువుల యింటిలో జరిగిన ఒక సంగతి మా కలమును వేరుదారి పట్టించినది. వైద్యము మేము చదివిన శాస్త్రము కాదు. అయినను ఒక అసత్యము చదువుకొన్నవారి యిండ్లలో కూడ ఎట్లు స్థిరనివాస మేర్పరచుకొనునో కన్నులార చూచినవారము గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా ఖాలా కుమార్తె ఒకామె కలదు. ఆపా అని పిలుతుము. డిగ్రీ వరకు చదివినది. ఆమె మొదటి బిడ్డకు ఆటిజం. ఏడాది నిండునప్పటికి రెండు మూడు మాటలు పలికిన పిల్లవాడు రెండవ ఏట ఆ మాటలను కూడ విడిచినాడు. పిలిచినను తిరిగి చూడడు. ఆటబండిని నడపడు, దానిని తలక్రిందులు చేసి చక్రమును త్రిప్పుచు గంటలకొలది కూర్చుండును. పదునేడవ నెలలో టీకా వేయించిన వారమునకే మాట పోయినదని ఆపా లెక్క. "సూయీ లగాయే సో దిన్ సే బచ్చా చుప్ హోగయా" అని వచ్చినవారందరితోను చెప్పెడిది. సూది వేయించిన నాటినుండియే బిడ్డ నోరు మూతపడినదని ఆమె గోడు.

అంతలో ఆమె సెల్‌ఫోనునకు ఎవరో ఒక వీడియో పంపినారు. తెల్లకోటు ధరించిన ఒక దొర, తట్టు రాకుండ వేయు టీకావలన ఆటిజం కలుగుచున్నదనియు, కంపెనీలు ఆ సత్యమును దాచుచున్నవనియు ఆంగ్లములో చెప్పుచుండగా క్రింద ఉర్దూ అక్షరములు నడచుచుండెను. ఆపాకు అప్పటికి రెండవ బిడ్డ, ఆడపిల్ల, చంటిది. ఆమె మమ్ము అడిగినది: "భాయీ, నీవు పదిమందికి చదువు చెప్పెడివాడవు. చిన్నదానికి ఈ సూది వేయించనా, వద్దా?"

మేము విచారించలేదు. పుస్తకము తెరువలేదు, ఒక వైద్యుని అడుగలేదు. తల్లి మనస్సును నొప్పించుట యెందుకని, "నీకు తోచినట్లు చేయుము ఆపా" అని తప్పించుకొంటిమి. ఆమె చిన్నదానికి టీకా మానివేసినది. ఈ ఏడు, రెండేండ్లు నిండక మునుపే ఆ పాపకు తట్టు సోకి నెమ్ములోనికి దిగినది. తొమ్మిది దినములు ఆసుపత్రిలో ఉండి, కొన్ని రాత్రులు ప్రాణవాయువు మీద గడిపి బయటపడినది. చెవిలో చీముపట్టి ఎడమచెవి వినికిడి తగ్గినది. ఆనాడు ఆపాకు చెప్పవలసియుండిన సమాధానమును మేము ఇప్పుడు, ఇంత ఆలస్యముగా వ్రాయుచున్నాము.

ఆ వీడియోలోని వాదమునకు ఒక పుట్టుక కలదు. 1998 ఫిబ్రవరిలో లండను నగరపు లాన్సెట్ అను వైద్యపత్రికలో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అను వైద్యుడు మరి పన్నెండుగురితో కలసి ఒక వ్యాసము ప్రకటించినాడు. అది కేవలము 12 మంది పిల్లలను గూర్చినది. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా అను మూడు వ్యాధులకు కలిపి వేయు ఎం.ఎం.ఆర్. టీకాకును, ప్రేగులలోని వాపునకును, ఆటిజమునకును సంబంధ ముండవచ్చునని అందు సూచింపబడినది. సంబంధము ఋజువైనదని వ్యాసము కూడ చెప్పలేదు. కాని పత్రికా విలేఖరుల యెదుట వేక్‌ఫీల్డ్ ఆ టీకాను ఆపి వేటికవి విడివిడిగా వేయవలెనని సలహా యిచ్చినాడు. ఆ మాట లోకమంతట ప్రాకినది.

2004లో బ్రయన్ డీర్ అను పత్రికా రచయిత తీగ లాగగా డొంక కదలినది. టీకా కంపెనీలపై దావా వేయదలచిన న్యాయవాదులనుండి వేక్‌ఫీల్డునకు ధనము ముట్టినది. ఆ పిల్లలలో కొందరి తల్లిదండ్రులు ఆ దావాకు సంబంధించినవారే. అంతియే కాదు, వ్యాసము వెలువడుటకు ముందే, 1997లో, తట్టుకు వేరొక టీకాపై హక్కు కోరుచు ఆయన పేటెంటు దరఖాస్తు పెట్టియుండెను. సహరచయితలలో పదిమంది 2004లోనే ఆ నిర్ణయమునుండి తప్పుకొనిరి. 2010 ఫిబ్రవరిలో లాన్సెట్ ఆ వ్యాసమును పూర్తిగా ఉపసంహరించుకొన్నది. అదే సంవత్సరము మే నెలలో బ్రిటనులో ఆయన పేరు వైద్యుల పట్టికనుండి కొట్టివేయబడినది. ఆ పన్నెండుగురిలో ఒక్కరి వృత్తాంతమైనను ఆసుపత్రి దస్త్రములతో పూర్తిగా సరిపోలలేదని 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నలులో వెల్లడియైనది.

మోసము సంగతి అటుంచుదము. ఆ పన్నెండుగురి కథలు అక్షరసత్యములే అయినను అవి దేనిని నిరూపించును? మన కళాశాలలో పరీక్ష తప్పినవారిని పన్నెండుగురిని ఏరి, వారిలో ఎనిమిదిమంది ఆ ఉదయము హాస్టలులో ఇడ్లీ తిన్నారని కనుగొంటి మనుకొనుడు. ఇడ్లీ వలన పరీక్ష తప్పుచున్నారని ప్రిన్సిపాలు గారు వంటశాల మూయించిన ఏమందురు? ఉత్తీర్ణులైనవారు ఏమి తిన్నారో చూడవలదా అని మీరే అడుగుదురు. డెన్మార్కులో ఆ పనియే చేసినారు. 1999 మొదలు 2010 వరకు పుట్టిన 6,57,461 మంది పిల్లలను సంవత్సరములతరబడి గమనించి 2019లో ఫలితము ప్రకటించినారు. వారిలో 6,517 మందికి ఆటిజం ఉన్నట్లు తేలినది. ఎం.ఎం.ఆర్. వేయించుకొన్నవారిలో ఆటిజం అధికముగా లేదు. అన్నకో, అక్కకో ఆటిజం ఉన్న పిల్లలను వేరుగా తీసి చూచినను అంతియే. ఆపా భయమునకు సరియైన సమాధానము ఈ చివరి వాక్యములో నున్నది.

జపానులోని యొకొహామా నగరపు సంగతి మరింత విచిత్రము. వేరు కారణములచేత అక్కడ 1993లో ఎం.ఎం.ఆర్. పూర్తిగా ఆగిపోయినది. టీకాయే కారణమైన ఆటిజం తగ్గవలెను గదా! తగ్గలేదు, గుర్తింపబడుచున్నవారి సంఖ్య పెరుగుచునే పోయినది. అటుపిమ్మట నింద టీకాలలో వాడు థయోమెర్సాల్ అను పాదరస సంబంధమైన ద్రవ్యముపై పడినది. అమెరికాలో 2001 నాటికి పసిపిల్లల సాధారణ టీకాలనుండి దానిని తొలగించినారు. సంఖ్య అప్పుడును తగ్గలేదు. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడే గర్భిణులు వాడు పారాసిటమాల్ మాత్రను వ్రేలుపెట్టి చూపినాడు. స్వీడనులో ఇరువదినాలుగు లక్షలకు పైగా పిల్లలను పరిశీలించి, ఒకే తల్లి బిడ్డలను ఒకరితో నొకరిని పోల్చిచూచి, అట్టి సంబంధము కనబడలేదని 2024లోనే ప్రకటించియుండిరి. అదే 2025 నవంబరులో అమెరికా ప్రభుత్వ వ్యాధి నివారణ సంస్థ, టీకాలవలన ఆటిజం కలుగదను తన పూర్వపు మాటకు ఆధారము చాలదని వ్రాసికొన్నది. దీనిని చూపి మా మిత్రుడొకరు "ఇప్పుడేమందువు?" అని అడిగినారు. వ్రాతను మార్చిన అధికారులు డెన్మార్కు పిల్లలను తిరిగి లెక్కింపలేదని మాత్రమే అన్నాము.

మరి సంఖ్య యెందుకు పెరిగినది? లక్షణముల నిర్వచనము 1987లోను, 1994లోను విస్తృతమైనది. పూర్వము పిచ్చివాడనియో మొండివాడనియో అనిపించుకొన్న పిల్లవానికి నేడు సరియైన పేరు దొరకుచున్నది. ఆటిజమునకు ఒకే కారణము లేదు. వంశపారంపర్యమైన జన్యువుల పాత్ర మిక్కిలి పెద్దది. కవలపిల్లలపై 1977లో ఫోల్‌స్టీన్, రట్టర్ అనువారు చేసిన పరిశోధనయే దానికి త్రోవ చూపినది. ఇక టీకాకును, మాట పోవుటకును గల కాలసామ్యము కేవలము పంచాంగపు సంగతి. మన దేశములో తట్టు, రుబెల్లా టీకా రెండవ మోతాదు 16 నుండి 24 నెలల మధ్య వేయుదురు. ఆటిజం లక్షణములు తల్లిదండ్రుల కంటబడు కాలమును సరిగా అదియే.

ఇటీవల ఆపా యింటిలో ఒక పాత వలీమా వీడియో చూచితిమి. పిల్లవానికి అప్పుడు పదుమూడు నెలలు. మర్ఫా మ్రోగగానే పిల్లలందరును అటు తిరిగినారు. ఇతడు మాత్రము తల పైకెత్తి తిరుగుచున్న ఫ్యానును చూచుచున్నాడు. ఆ సూదికి అప్పటికి ఇంకను నాలుగు నెలలు గడువున్నది. ఆపా ఆ వీడియోను రెండుమార్లు వెనుకకు త్రిప్పి చూచినది. ఏమియు అనలేదు.

ఈ వదంతిని నమ్మిన తల్లులను మూర్ఖురాండ్రని పరిహసించువారితో మేము ఏకీభవింపజాలము. ఆటిజమును 1943లో లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలలో వర్ణించినాడు. ఆ తరువాత దాదాపు ఇరువదియేండ్లు వైద్యలోకమే తల్లిని దోషిగా నిలిపినది. తల్లి ప్రేమ చల్లబడుటచే బిడ్డ తనలో తాను ముడుచుకొనిపోవునని బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో ఒక గ్రంథమే వ్రాసినాడు. దానికి మునుపే, 1964లో, ఇది శరీరసంబంధమైనదని వాదించి తల్లులను ఆ నిందనుండి విడిపించిన బెర్నార్డ్ రిమ్‌లాండ్ స్వయముగా ఆటిజం గల కుమారుని తండ్రి. అంతటివాడును తరువాతి కాలములో టీకాలను శంకించినాడు! కారణము దొరకని దుఃఖము ఎంతటి పండితునినైనను ఎచ్చటికో ఒకచోటికి ఈడ్చుకొని పోవును కాబోలు.

మన వీధులలో బెటెల్‌హైమును చదివినవా రెవరును లేరు. అయినను ఆపాను గూర్చి వారనిన మాటలు అవియే. గర్భముతో నున్నప్పుడు గ్రహణమునాడు బయటికి వచ్చినదని ఒకరు, నజరు తగిలినదని ఒకరు, ఫోను చూచుచు బిడ్డతో మాటలాడలేదని మరియొకరు. అత్తవారింట ఆరు సంవత్సరములుగా బోనులో నిలిచిన స్త్రీకి, నేరము నీది కాదు, సూదిది అని మొదట చెప్పినది ఆ వీడియోయే. ఆమె దానిని పట్టుకొనుటలో వింత యేమున్నది? ఆ మాటను మనమే, వేరొక విధముగా, ముందు చెప్పియుండవలసినది.

మన సమాజమునకు ప్రత్యేకించి ఒక మాట. టీకాలపై మనవారికి గల శంక యంతయు అజ్ఞానమే యనుట న్యాయము కాదు. 2011లో పాకిస్తానులోని అబ్బొట్టాబాదులో అమెరికా గూఢచారి సంస్థ హెపటైటిస్-బి టీకాల ముసుగులో ఒక యింటివారి ఆచూకీ తీయించుటకు ప్రయత్నించినది. అట్టి పని ఇక చేయబోమని 2014లో ఆ ప్రభుత్వమే వాగ్దానము చేయవలసివచ్చినది. అటువంటి నీచకార్యము నూరు వదంతులకు ఎరువు. అయినను మూల్యము చెల్లించువారు గూఢచారులు కారు, పసిపిల్లలు. అమెరికాలోని మిన్నెసోటాలో నివసించు సోమాలీ ముస్లిముల బిడ్డలలో 2004లో నూటికి 92 మంది ఎం.ఎం.ఆర్. వేయించుకొనుచుండిరి. వారి బిడ్డలలో ఆటిజం ఎక్కువగా ఉన్నదను కలవరము పుట్టగా, పట్టికనుండి పేరు కొట్టివేయబడిన ఆ వేక్‌ఫీల్డే అక్కడికి పోయి తల్లిదండ్రులతో సమావేశములు జరిపినాడు. 2014 నాటికి 92 కాస్తా 42 అయినది. 2017లో తట్టు విజృంభించి 75 మందికి సోకగా వారిలో అత్యధికులు ఆ సోమాలీ బిడ్డలే. ముస్లిముల మాట యేల? 2025లో టెక్సాసులో మెన్నొనైటు క్రైస్తవుల ఊళ్ళలో మొదలైన తట్టు 762 మందికి సోకి, ఇద్దరు పిల్లలను పొట్టన పెట్టుకొన్నది.

తట్టును మశూచినుండి వేరుచేసి వర్ణించి మొట్టమొదట ప్రత్యేక గ్రంథము వ్రాసినవాడు పదవ శతాబ్దపు అర్‌రాజీ యని మన ఉపన్యాసములలో గర్వముగా చెప్పుకొందుము. చెప్పుకొనుట సులభము. వచ్చిన వార్తను విచారించి నమ్ముడను ఆజ్ఞ హుజురాత్ సూరాలో నున్నదని కూడ చెప్పుదుము. మేమే విచారింపలేదని పైన ఒప్పుకొంటిమి.

మనవారు ఇంతకంటె బాగుగా నడచుకొన్న దినములును ఉన్నవి. పోలియో చుక్కలు వంధ్యత్వము కలిగించునను పుకారు ఉత్తరప్రదేశ్ పశ్చిమ జిల్లాల ముస్లిం వాడలలో ప్రబలియుండగా, 2002లో దేశమున 1,600 మంది పిల్లలు పోలియో పాలైనారు. అప్పుడు పోలీసు జులుము పనిచేయలేదు. మసీదుల మైకులు, ఉలేమాల విజ్ఞప్తులు, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయము, జామియా మిల్లియా, జామియా హమ్‌దర్ద్ వంటి విద్యాసంస్థలవారి గృహసందర్శనములు పనిచేసినవి. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాలులోని హౌరా జిల్లాలో వ్యాధి సోకిన బాలికయే మన దేశమున ఆ జాడ్యమునకు చివరి బలి. 2014 మార్చి 27న దేశము పోలియోరహితమని ప్రకటింపబడినది.

కాబట్టి కళాశాల కమిటీవారికి మా విన్నపము. ఏటేటా ముషాయిరాకు తెరచు మన హాలును మూడు నెలల కొకసారి ఒక పూట వాడలోని తల్లులకై తెరువుడు. ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు నర్సమ్మను, పిల్లల వైద్యుని పిలువుడు. అక్కడ ఉపన్యాసములు వలదు. తల్లులు అడిగినదానికి వారి భాషలో జవాబు చెప్పిన చాలును. మన బాలికలలో దక్కనీ ధారాళముగా మాటలాడువారు ఇరువదిమందియైనను ఉన్నారు, ఆ పని వారిది. రెండవది, కమిటీ నడపు ప్రాథమిక పాఠశాల సంగతి. ఆరు నిండిన ఆపా కుమారుని రెండు పాఠశాలలు చేర్చుకొనలేమని త్రిప్పి పంపినవి. ఆటిజం 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టములో చేరియున్నది. నిర్దేశించిన మేరకు వైకల్యము గల బిడ్డకు ఆరు మొదలు పదునెనిమిది ఏండ్ల వరకు ఉచిత విద్య హక్కు. ఆటిజం వచ్చునని టీకాను వదలి తట్టునకు సిద్ధపడు తల్లి, ఆటిజమును తట్టుకంటె ఘోరమైనదిగా తలచుచున్నదన్నమాట. అట్లు తలచునట్లు చేసినది మూయబడిన మన పాఠశాలల తలుపులే గదా.

చిన్నదానికి టీకా గత నెలలో వేయించినారు. తట్టు వచ్చిపోయినను రుబెల్లాకు అది కావలెనని వైద్యుడు చెప్పినాడు. ఆపా తానే తీసికొనిపోయినది. మా మాటను పూర్తిగా నమ్మినదా అనిన, లేదు. ఆ రాత్రి మూడుమార్లు లేచి పాపను పేరుపెట్టి పిలిచి, కన్ను తెరచి చూచుచున్నదో లేదో పరీక్షించినదట. ఈ వ్యాసమును ఉర్దూ శాఖవారు తర్జుమా చేసి యిచ్చిన, వచ్చే టీకాల దినమునకు ముందుగా గేటువద్ద బల్లపై అతికింపగలము.