దిద్దని తెరేజమ్మ

చిన్న తెరేజమ్మ అనగానే తెలుగు కథోలికులకు గుర్తొచ్చేది ఒకే పటం: గులాబీలతో పాటు సిలువను గుండెకు హత్తుకుని, ఏ బాధా ఎరగని ముఖంతో ఉన్న కన్య. అది ఆమె అక్క సెలీన్ వేసిన బొమ్మ. ఫ్రాన్సులో లిసియూ కర్మెలు మఠం తన దస్త్రాలతో ఇంటర్నెట్‌లో ఏర్పరచిన ప్రదర్శనలో దానితో పాటు మరో తెరేజమ్మ కూడా కనిపిస్తుంది. 1894లో మఠంలో చేరినప్పుడు సెలీన్ కెమెరా వెంట తెచ్చుకుంది. దానితో 1897 జూన్ 7న తీసిన ఫోటోలో బాలయేసు పటం, తిరుముఖం పటం పట్టుకున్న తెరేజ ముఖంలో అలసట దాగదు. క్షయ అప్పటికే ముదిరింది. నాలుగు నెలలు తిరక్కుండానే, సెప్టెంబర్ 30న, 24 ఏళ్లకే ఆమె కన్నుమూసింది. పునీతుల మ్యూజియం ఎవరు పెట్టినా దిద్దిన రూపం పక్కనే దిద్దని రూపాన్నీ ఉంచాలన్నది నా వాదం.

ఆమె ఆత్మకథనే చూడండి. 1895, 97ల మధ్య మూడు విడతలుగా, ముగ్గురిని ఉద్దేశించి రాసింది: ఇద్దరు అక్కలు, ఒక మఠాధిపతి. కలం పట్టే ఓపిక లేక చివరి పేజీలు పెన్సిల్‌తో రాసింది. పెద్దక్కల్లో ఒకరైన పౌలీన్ ఆ రాతను విస్తారంగా దిద్ది, మూడు భాగాలూ మఠాధిపతికే రాసినట్టు మార్చి, 1898లో 2000 ప్రతులు అచ్చు వేయించింది. 1925లో ఆమెను పునీతగా ప్రకటించేనాటికి లోకం చదువుతున్నది అక్క చేయి పడిన పుస్తకాన్నే. అసలు చేతిరాత ప్రతిరూపాలు 1956లో గానీ వెలువడలేదు. దాంతో ఆమె చిన్నబోయిందా? 1997లో పోపు రెండవ జాన్ పాల్ ఆమెను శ్రీసభ పండితుల్లో చేర్చారు.

ప్రేమతో దిద్దిన అక్కలను ఇప్పుడు తప్పుపట్టడం ఎందుకని అడగవచ్చు. తప్పుపట్టనక్కర్లేదు. పౌలీన్ పుస్తకమే లేకపోతే తెరేజ పేరు లిసియూ దాటేది కాదు. కెమెరా ముందు చాలాసేపు కదలకుండా కూర్చుంటే ముఖం బిగుసుకుపోతుంది కాబట్టి ఫోటో కన్నా తన బొమ్మే నిజానికి దగ్గరన్నది సెలీన్ వాదన. అందులో పస ఉంది. అయితే ఆ మాట నిజమో కాదో తేల్చుకోవాలన్నా రెండూ కళ్లెదుట ఉండాలి కదా!

భక్తికి భంగం కలిగే సంగతులు మరుగున ఉంటేనే మేలనేవారూ ఉన్నారు. 1895లో మఠంలో ఆడిన నాటకంలో తెరేజ జోన్ ఆఫ్ ఆర్క్ వేషం కట్టింది. ఆ వేషంలో తీసిన ఒక ఫోటో, డయానా వాన్ అనే కొత్త విశ్వాసికి చేరుతుందనుకుని మఠం నుంచి వెళ్లింది. ఆ మనిషే లేదు, లియో టక్సీల్ అనే రచయిత కల్పన. 1897 ఏప్రిల్ 19న అతడు పారిస్ సభలో ఆ ఫోటోనే తెరమీద వేసి, కథోలికులను ఏళ్ల తరబడి మోసగించానని ప్రకటించాడు. తెరేజకు అది ఎంత అవమానం! అప్పటికి ఏడాదిగా ఆమె మనసులో విశ్వాసం మీదే చీకటి కమ్ముకుని ఉంది. ఆ చీకటి గురించి ఆమె రాసింది ఈ సభ జరిగిన రెండు నెలలకే. ఈ సంగతి తెలియకుండా చదివితే ఆ పేజీలు అందమైన ఉపమానాల్లా ఉంటాయి. తెలిసి చదివితే, నమ్మకం నిలుపుకోవడానికి ఆమె ఎంత పెనుగులాడిందో అర్థమవుతుంది.

పుణ్యక్షేత్రానికి ఇంటర్నెట్ సాటిరాదన్నది నిజమే. కానీ లిసియూ యాత్రికులకు దొరికేది బసిలికా దర్శనం, మఠం గుడిలో ఆమె అవశేషాల దగ్గర ప్రార్థన. మఠం లోపలికి ప్రవేశం లేదు, చేతిరాత పుటలు తిరగేసే వీలు అసలే లేదు. అవన్నీ ఈ ప్రదర్శనలో ఎవరైనా చూడవచ్చు. ఫ్రెంచి, ఇంగ్లీషు రాని భక్తురాలికి మాత్రం ఇదీ అందని పండే. ఫోటోల కింది వివరణలనైనా, ఏడాదివారీ జీవిత పట్టికనైనా తెలుగు చేయడం మన మేత్రాసనాలకు పెద్ద ఖర్చేమీ కాదు. ఫ్రెంచి చదువుకున్న మఠకన్యలు ఇద్దరు పూనుకుంటే చాలు, పని మొదలవుతుంది.