నమ్మకం ఒకటే, పెత్తనం ఎవరిది?

2025 నవంబరు చివర్లో టర్కీలోని ఇజ్నిక్ ఊళ్లో, సరస్సు ఒడ్డున, పోప్ పద్నాలుగో లియో, కాన్‌స్టాంటినోపుల్ పేట్రియార్క్ బర్తలోమయి పక్కపక్కన నిలబడి ప్రార్థన చేశారు. ఒకప్పుడు నీకయ అని పిలిచిన ఆ ఊళ్లోనే 325లో క్రైస్తవ విశ్వాస ప్రమాణానికి తొలి రూపం వచ్చింది. పదిహేడు వందల ఏళ్లు నిండిన సందర్భంగా ఇద్దరూ దాన్ని కలిసి చదివారు. అయితే ఒకే బల్ల దగ్గర ప్రభురాత్రి భోజనం తీసుకునే వీలు ఆ ఇద్దరికీ ఇంకా లేదు. క్రీస్తు ఎవరన్న దానిలో వారికి పేచీ లేదు. రోమ్ బిషప్పుకు, అంటే పోపుకు, మిగతా బిషప్పుల మీద ఎంత అధికారం ఉందన్న దగ్గరే ముఖ్యంగా వెయ్యేళ్లుగా మాట కలవలేదు.

క్రైస్తవుల చీలికల చరిత్ర తిరగేస్తే ఈ తీరు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. సృష్టికర్త అయిన ఒకే దేవుడు, మనిషిగా పుట్టి పొంతి పిలాతు కాలంలో సిలువ మీద చనిపోయి మూడో రోజున లేచిన కుమారుడు, పరిశుద్ధాత్మ, పాప క్షమాపణ, మృతుల పునరుత్థానం. వీటి దగ్గర పోపుకూ పల్లెటూరి పాస్టరుకూ తేడా లేదు. తేడా ఎక్కువగా వచ్చేది ఆ నమ్మకానికి కాపలా ఎవరు కాయాలి, పాస్టరును నియమిస్తూ నెత్తిన చెయ్యి ఎవరు పెట్టాలి, తప్పు చేస్తే ఎవరు అడగాలి అన్న చోట.

నీకయ సభ కూడా ఈ గొడవకు అతీతం కాదు. అలెగ్జాండ్రియాకు చెందిన అరియస్ కుమారుణ్ణి సృష్టింపబడినవాడిగా బోధిస్తున్నాడని తగవు ముదిరితే, చక్రవర్తి కాన్‌స్టాంటైన్ బిషప్పులను పిలిపించాడు. వాళ్లు విశ్వాస ప్రమాణంతో పాటు ఇరవై నియమాలు కూడా రాశారు. ప్రమాణం లోకమంతటికీ తెలుసు, నియమాలు చదివేవారు తక్కువ. కొత్త బిషప్పును ఆ ప్రాంతపు బిషప్పులంతా కలిసి నియమించాలి, అందరూ రాలేకపోతే కనీసం ముగ్గురైనా ఉండాలని నాలుగో నియమం. ఒక ఊరి బిషప్పు ఇంకో ఊరికి మారకూడదని పదిహేనోది. గురువులు వడ్డీ వ్యాపారం చేయకూడదని పదిహేడోది. నియమం పెట్టాల్సి వచ్చిందంటే అప్పటికే ఆ పనులు జరుగుతున్నాయన్నమాట!

పెత్తనం ఎవరిదన్న ఈ ప్రశ్నతో ఎక్కువ కాలం కుస్తీ పట్టిన చోట్లలో తెలుగు నేల ఒకటి. పందొమ్మిదో శతాబ్దంలో వచ్చిన ప్రొటెస్టెంట్ మిషన్లు ఒకరి ప్రాంతంలో ఒకరు అడుగు పెట్టకుండా పంచుకున్నాయి. గుంటూరు లూథరన్లది, ఒంగోలు, నెల్లూరు అమెరికన్ బాప్తిస్టులది, కాకినాడ కెనడియన్ బాప్తిస్టులది. మచిలీపట్నం ఆంగ్లికన్ మిషన్లలో సీఎంఎస్‌ది, నంద్యాల, ముత్యాలపాడు ఎస్పీజీది. మెదక్ వెస్లియన్ మెథడిస్టులది, మహబూబ్‌నగర్ తర్వాతి రోజుల్లో మెన్నొనైట్ బ్రదరెన్‌ది, నరసాపురం బ్రదరెన్‌వారిది. క్రీస్తును నమ్మిన మాల మాదిగ కుటుంబం లూథరన్ అయిందా, బాప్తిస్టు అయిందా అన్నది వేదాంతం తేల్చలేదు, పుట్టిన తాలూకా తేల్చింది. పెళ్లి చేసుకునో, పని వెతుక్కుంటూనో పక్క మిషన్ ఊరికి వెళ్తే అక్కడి బల్ల దగ్గర చోటు దొరుకుతుందన్న భరోసా లేదు. జర్మనీలోనూ ఇంగ్లండులోనూ అప్పటికి మూడు వందల ఏళ్ల కిందట జరిగిన తగాదాలకు కృష్ణా గోదావరి పల్లెల్లో కూలి జనం మూల్యం చెల్లించారు.

దీన్ని భరించలేనివాడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునెల్వేలి తమిళుడు. 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు మిషనరీగా వచ్చాడు, తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యాడు. 1919లో తరంగంబాడిలో ఆయన, మరికొందరు పాస్టర్లు కూర్చుని ఐక్యత కోసం ఒక ప్రకటన రాశారు. వారికి నాలుగు పునాదులు కనిపించాయి: పరిశుద్ధ గ్రంథం, అపొస్తలుల, నీకయ విశ్వాస ప్రమాణాలు, బాప్తిస్మం ప్రభుభోజనం అనే రెండు సంస్కారాలు, చరిత్రలో పరంపరగా వచ్చిన బిషప్పు పదవి.

మొదటి మూడింటి మీద ఒప్పందానికి పెద్దగా కష్టం కాలేదు. నాలుగోది ఇరవై ఎనిమిదేళ్లు తినేసింది.

ఆంగ్లికన్లకు బిషప్పు చెయ్యి పెట్టనివాడు గురువు కాడు. చర్చల్లో అవతలి పక్షమైన కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ వాళ్ల తాతముత్తాతలు బిషప్పుల పెత్తనం వద్దనే బయటికొచ్చారు. మీ పాస్టర్లందరికీ మళ్లీ అభిషేకం చేస్తామంటే, ఇన్నాళ్లూ మేము ఇచ్చిన బాప్తిస్మాలు, పంచిన రొట్టె చెల్లనివా అని రెండో పక్షం నిలదీసింది. అక్కరలేదంటే, మీ బిషప్పు అలంకారమేనా అని మొదటి పక్షంలోని ఛాందసులు లేచారు. ఈ రభస ఇంగ్లండు దాకా పాకింది. అయిదేళ్ల తర్వాత నోబెల్ అందుకోబోయే కవి టి.ఎస్. ఎలియట్ 1943లో ఈ పథకాన్ని తూర్పారబడుతూ ఏకంగా ఒక కరపత్రం అచ్చేశాడు. డోర్నకల్ పల్లెల్లో కూలీ పాస్టరు నెత్తిన ఎవరు చెయ్యి పెట్టాలన్నది లండన్ కవికి నిద్ర పట్టనివ్వని సంగతి కావడం విడ్డూరమే.

చివరికి కుదిరిన రాజీలో వేదాంతం కంటే లోకజ్ఞానం ఎక్కువ. ఉన్న పాస్టర్లు ఉన్నట్టే కొనసాగుతారు, ఎవరికీ తిరిగి అభిషేకం లేదు. ఇక మీదట అయ్యే అభిషేకాలన్నీ బిషప్పుల చేతనే. మనస్సాక్షికి విరుద్ధంగా ఏ సంఘం మీదా ఇష్టంలేని పాస్టరును రుద్దరు. ముప్పై ఏళ్లు గడిచాక మిగిలిన చిక్కుముడి గురించి మళ్లీ ఆలోచించుకుంటారు. బిషప్పు ఉంటాడు, కానీ సంఘ రాజ్యాంగానికీ, ప్రతినిధుల సభ అయిన సినడ్‌కూ లోబడి ఉంటాడు. అలా 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కథీడ్రల్‌లో దక్షిణ భారత సంఘం, జనం నోట్లో సీఎస్ఐ, పుట్టింది. బిషప్పులే లేని స్కాట్లండ్ ప్రెస్బిటేరియన్ సంప్రదాయం నుంచి వచ్చిన లెస్లీ న్యూబిగిన్ ఆ రోజే మదురై-రామనాడు బిషప్పు అయ్యాడు. అజరయ్య మాత్రం చూడలేదు. 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూశాడు.

ఈ రాజీ అందరికీ రుచించలేదు. లూథరన్లు, బాప్తిస్టులు లోపలికి రాలేదు. ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం, తెలుగు బాప్తిస్టు సంఘాల సమాఖ్య ఇవాళ్టికీ వేరుగానే ఉన్నాయి. గట్టి దెబ్బ మాత్రం నంద్యాల నుంచి తగిలింది. ఎస్పీజీ నాటిన అక్కడి ఆంగ్లికన్లలో చాలామంది ఈ కలగూరగంప సంఘంలో చేరబోమన్నారు. ఇంగ్లండులోని ఆ సొసైటీలో బిషప్పు పరంపరను ప్రాణంగా చూసేవారి మాటకు బరువెక్కువ. ఆ నీడ సీమ పల్లెల మీదా పడింది. కలకత్తాలోని ఆంగ్లికన్ మెట్రోపాలిటన్ బిషప్పు అధికారం కింద ఉంటూ, చుట్టూ ఉన్న సీఎస్ఐకి దూరంగా చాలా ఏళ్లు గడిపారు. 1975లో గానీ నంద్యాల సీఎస్ఐలో కలవలేదు.

ఆ నంద్యాలలోనే 2013 సెప్టెంబరు 30న ఎగ్గోని పుష్పలలిత బిషప్పుగా అభిషేకం పొందారు. సీఎస్ఐలో తొలి మహిళా బిషప్పు ఆమె. పద్ధతి చెడుతుందని ఏళ్ల తరబడి బయటే ఉండిపోయిన అధ్యక్ష ఖండం (డయోసిస్) నుంచే ఆ తొలి పేరు వచ్చింది. ఇంగ్లండు సంఘానికి తొలి మహిళా బిషప్పు దొరికింది 2015 జనవరిలో. సీమ ఊరు ఇంగ్లండు సంఘపు పీఠం కాంటర్‌బరీని ఏడాదికి పైగా వెనక్కి నెట్టేసింది. ఆమె నెత్తిన చేతులు పెట్టిన బిషప్పుల్లో నీకయ నాలుగో నియమం బతికే ఉంది. విశ్వాస ప్రమాణంలో ఒక్క అక్షరం మారలేదు. మారింది అధికారం ఎవరి చేతిలో ఉండవచ్చన్న అంచనా ఒక్కటే.

మిగతావాళ్లు వేరే దారులు తొక్కారు. 1970లో పుట్టిన ఉత్తర భారత సంఘం, దక్షిణాదిలా ముప్పై ఏళ్లు ఆగకుండా, ఆరంభంలోనే పాస్టర్ల మీద కలిసి చేతులుంచి చిక్కు విప్పుకుంది. హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా బఖ్త్‌సింగ్ నడిపిన సంఘాల్లో బిషప్పు మాట అలా ఉంచి, జీతం పుచ్చుకునే పాస్టరే లేడు. స్థానిక పెద్దలే అన్నీ. కాథలిక్కులకు రోమ్ ఉండనే ఉంది. హైదరాబాదు ఆర్చిబిషప్ పూల ఆంథోనీ 2022లో కార్డినల్ అయ్యారు. తెలుగువారిలోనూ దళితుల్లోనూ ఆ పదవికి ఎక్కిన మొదటి మనిషి. లియో పోపును ఎన్నుకున్న సభలో ఆయనకూ ఓటుంది. మిషన్లు పంచుకున్న ఆ పల్లెల దళిత జనంలో ఒకరు పోపు ఎంపిక దాకా వెళ్లారన్నమాట.

ఇప్పుడు సీఎస్ఐలో వినిపించే గొడవలు వేరు. బిషప్పు ఎన్నికలు, మిషన్ కాంపౌండ్ల స్థలాలు, స్కూళ్ల కమిటీలు, ట్రస్టు ఆస్తుల లెక్కలు. సంఘానికి పెద్ద అయిన మోడరేటర్ ఎన్నిక మీద వివాదం కోర్టు మెట్లెక్కింది. ఇరవై ఎనిమిదేళ్లు తర్కించుకుని బిషప్పు అధికారానికి పగ్గాలు వేసిన సంఘంలో, ఆ పగ్గాలు ఎవరి చేతిలో ఉండాలన్నది జడ్జీలు తేల్చాల్సి రావడం అజరయ్య ఊహించని మలుపు. దీనికి బిషప్పు పదవిని తిట్టడం సులువే, కానీ తప్పు అక్కడ లేదు. 1947 రాజీలో సినడ్, అధ్యక్ష ఖండ సభ, పాస్టరేట్ కమిటీ కూడా ఉన్నాయి. వాటిలో కూర్చునేవాళ్లు చేతులెత్తి ఊరుకుంటే బిషప్పు ఒక్కడే మిగులుతాడు. ప్రతి పాస్టరేట్‌లోనూ ఎన్నికలకు ముందు ఆ రాజ్యాంగాన్ని తెలుగులో చదివి వినిపించాలి, ఆస్తుల లెక్కను ఆరాధన ముగిశాక గోడకు అంటించాలి. ఈ రెండింటికీ సినడ్ అనుమతి అక్కర్లేదు, ఏ పాస్టరేట్ కమిటీ అయినా వచ్చే ఆదివారమే మొదలుపెట్టవచ్చు.