ఈ నెల మాట: పాతర

తెలుగు దినపత్రికలు చదవడం మొదలుపెట్టారా? అయితే ‘నిబంధనలకు పాతర’ లాంటి శీర్షిక ఎప్పుడో ఒకప్పుడు మీ కంట పడుతుంది. నియమాలను గాలికి వదిలేశారని దాని అర్థం. పాపం, పాతర చేసిన అసలు పని అది కాదు.

పాతర అంటే ధాన్యం దాచుకునే గొయ్యి. ‘పాతు’ అనే క్రియ నుంచి పుట్టిన మాట. గుంజ పాతుతాం, మొక్క పాతుతాం, చనిపోయినవారిని పాతిపెడతాం. (‘పాత బట్టలు’ అన్నప్పటి పాతకూ, వంటపాత్రకూ దీనితో చుట్టరికం లేదు. పలికేటప్పుడు మూడు అక్షరాలూ విడివిడిగా వినిపించాలి: పా-త-ర.)

నీరు ఊరని గట్టి నేలలో లోతుగా తవ్వి, అడుగునా చుట్టూ ఎండుగడ్డి పరిచి, జొన్నలో వడ్లో పోసేవారు. పైన మళ్ళీ గడ్డి, దాని మీద మట్టి. గాలి చొరబడదు. లోపలున్న కాస్త ప్రాణవాయువూ అయిపోయాక పురుగు బతకదు. గింజ మాత్రం నెలల తరబడి నిలుస్తుంది. వానలు లేని ఏడు ఊరిని కాపాడేది ఆ గొయ్యే. అయితే మూత తీసిన వెంటనే అందులోకి దిగకూడదు. ముందు దీపం దించి చూడాలి. దీపం ఆరిపోతే ఇంకా ఆగాలి. తొందరపడి దిగి, ఊపిరాడక చనిపోయినవారు ఉన్నారు.

మరి ఈ మాట మన మారిషస్ ఇళ్ళలో ఎందుకు వినిపించదు? కోరంగి రేవులో ఓడ ఎక్కినందుకు ‘కోరంగివాళ్ళు’ అనిపించుకున్న మన పెద్దలకు చెరకు తోటల్లో బియ్యం, పప్పు, ఉప్పు కొలిచి ఇచ్చేవారు. కొలత బియ్యంతో బతికేవారికి పాతర తవ్వేంత ధాన్యం ఎక్కడిది? తవ్వుకోవడానికి సొంత నేల ఎక్కడిది? వస్తువు లేని చోట మాట నిలవడం కష్టం.

అక్కడ ఆంధ్ర, తెలంగాణల్లో కూడా పాతరలు చాలావరకు పోయాయి, గోదాములు వచ్చాయి. మిగిలినది ‘పాతర వేయడం’ అనే మాట ఒక్కటే. కోపమొస్తే ‘ఉప్పుపాతర వేస్తా’ అని బెదిరిస్తారు, అంటే ఉప్పు పోసి పూడ్చేస్తానని! రేపు తీసుకుని తినడానికి దాచిన చోటు పేరు, ఇక ఎప్పటికీ బయటికి తీయకుండా పూడ్చడానికి పేరైంది. నాకైతే మొదటి అర్థమే ఇష్టం. మీరు వాడేటప్పుడు రెండూ గుర్తుంచుకోండి: ‘జొన్నలు పాతరలో ఉన్నాయి’ అంటే భరోసా, ‘మాటకు పాతర వేశాడు’ అంటే మోసం.

నేల మీద కట్టే ధాన్యపు కొట్టుకు వేరే పేరుంది, గాదె. దాని కింద చేరిన పందికొక్కు సంగతి వచ్చే నెల.